బండి ఆగిన తరువాతే ఇప్పసారా

ఇప్పపువ్వు రాత్రి విచ్చుకుని తెల్లవారుజామున రాలుతుంది. గత మార్చి నెలాఖరులో, ఇంకా చీకటి పూర్తిగా విడవని వేళ, తాడ్వాయి అడవి అంచున ఒక పెద్ద ఇప్పచెట్టు కింద నిలబడి, ఊడ్చి శుభ్రం చేసిన నేల మీద ఒక్కొక్క పువ్వే టప్పున రాలుతుండగా ఆ చప్పుడు విన్నాను. ఆ రోజు పగలంతా మేము నలుగురం, అంటే నేనూ, మా బావా, ఆయనతో కలిసి బ్యాంకులో పనిచేసే ఇద్దరు మిత్రులూ, జీపులో ములుగు జిల్లా అడవి దారులు తిరిగి, సాయంత్రం ఒక కోయగూడెంలో ఆ పువ్వుతో కాచే ఇప్పసారా రుచి చూశాం. హనుమకొండలో నాకు తెలిసినవాళ్లు ఇటువంటి యాత్ర గురించి తరచుగా అడుగుతున్నారు కాబట్టి, ఏం చూశామో, ఏం తాగామో, ఎందుకు ఆ వరుసలోనే చేశామో వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా మొదటి అనుభవం చెప్పాలి, ఎందుకంటే రెండోసారి పెట్టుకున్న నియమాలన్నీ దాని నుంచే వచ్చాయి. రెండేళ్ల కిందట, జీపులో అడవి తిప్పి ఇప్పసారా రుచి చూపిస్తామన్న ఒక నిర్వాహకుడికి డబ్బు కట్టి వెళ్లాం. మిట్టమధ్యాహ్నం, తిరుగు ప్రయాణం ఇంకా సగానికి పైగా ఉండగానే, ఒక చెట్టు కింద ప్లాస్టిక్ సీసాలు తెరిచారు. మాతో పాటు డ్రైవరు కూడా రెండు గ్లాసులు తాగాడు. వద్దని చెప్పవలసిన నేను మొహమాటపడి ఊరుకున్నాను. ఆ తరువాత వాగులోకి దిగే వాలు దగ్గర జీపు ఎడమ చక్రాలు గట్టు దాటి జారాయి. అక్కడ ఒక మద్దిచెట్టు అడ్డం ఉండబట్టి బండి దానికి ఆనుకుని ఆగింది కానీ, లేకపోతే బోల్తా పడేది. మాతో వచ్చిన ఒకాయనకు మణికట్టు విరిగింది. తాగించినది కూడా ఇప్పసారా కాదు. నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు రసాయన శాస్త్రం చెప్పే అధ్యాపకుణ్ణి. పులిసిన బెల్లం వాసన నాకు తెలుసు. అందులో ఇప్పపువ్వు వాసన మచ్చుకైనా లేదు. అది ఇప్ప పేరు పెట్టి అమ్మిన గుడుంబా, అంటే బెల్లంతో కాచే నాటుసారా.

అందుచేత ఈసారి మూడు విషయాలు ముందే తేల్చుకున్నాం. బండి నడిపే మనిషి ఆ రోజు చుక్క ముట్టకూడదు. సారా రుచి చూడడం అనేది బండి తాళం తీసి జేబులో వేసుకుని, ఇక ఆ రాత్రికి అక్కడే పడుకుంటాం అనుకున్న తరువాతే జరగాలి. సారాను కొనకూడదు. ఈ మూడింటికీ ఒప్పుకున్నవాడు, నా దగ్గర ఇంటర్ చదువుకుని ఇప్పుడు తాడ్వాయి మండలంలోనే జీపు నడుపుకుంటూ వచ్చినవాళ్లకు అడవి చూపిస్తున్న ఒక కోయ యువకుడు. "సార్, మా ఇండ్లల్ల సారా అమ్మకానికి కాదు. పండుగకు చేసుకున్నది ఉంటే అవ్వ పోస్తది, లేకుంటే లేదు," అన్నాడు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

హనుమకొండ నుంచి తాడ్వాయి తొంభై కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి మొక్కి, పస్రా మీదుగా ముందురోజు రాత్రికే చేరుకుని అక్కడి కుటీరాల్లో దిగాం. పస్రా దాటిన తరువాత రోడ్డుకు రెండు వైపులా అడవి దగ్గరగా వస్తుంది. ఇది 806 చదరపు కిలోమీటర్ల ఏటూరునాగారం వన్యప్రాణి అభయారణ్యం ప్రాంతం. కాబట్టి ఎక్కడపడితే అక్కడ బండి దింపడానికి వీల్లేదు. మా కుర్రవాడు అటవీ సిబ్బందికి ముందుగా చెప్పి, ఊళ్ల మధ్య ఎడ్లబండ్లు నడిచే బాటల్లోనూ, అనుమతి ఉన్న దారుల్లోనూ మాత్రమే తిప్పాడు. జీపు ఉన్నంతమాత్రాన అడవి మనదై పోదని అతను మొదటే చెప్పాడు.

తెల్లవారి నాలుగున్నరకు మమ్మల్ని లేపి ఇప్పచెట్ల దగ్గరకు తీసుకువెళ్లాడు. ఆ కాలంలో ఇప్పచెట్టుకు ఆకు దాదాపు ఉండదు. కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మొగ్గలూ పూలే కనిపిస్తాయి, ఆ తరువాత రాగిరంగు చిగురు వస్తుంది. రాత్రిపూట గబ్బిలాలు వాలి పుప్పొడిని చేరవేస్తాయి. తెల్లారేసరికి రాలిన పువ్వు కోసం ఎలుగుబంట్లు, దుప్పులు కూడా వస్తాయి కాబట్టి, ఏరుకునేవాళ్లు నలుగురైదుగురు కలిసి మాట్లాడుకుంటూ, కాస్త చప్పుడు చేస్తూ వస్తారు. మేము చేరేసరికే ఒక ముసలమ్మ, ఆమె కోడలు, ఇద్దరు మనవరాళ్లు గంపలతో వంగి ఏరుతున్నారు. ఆ చెట్టు వాళ్లదట. ఏ చెట్టు ఏ ఇంటిదో ఆ గూడెంలో అందరికీ తెలుసు.

ఒక పువ్వును అరచేతిలో పెట్టుకుని చూశాను. పువ్వు అనగానే మనకు తోచే పలుచని రేకులు దానికి లేవు. లేత గోధుమరంగు కలిసిన తెలుపుతో, ద్రాక్షపండు అంత, లోపల డొల్లగా, కండపట్టి ఉంటుంది; వేళ్లతో నొక్కితే జిగట రసం ఊరుతుంది. నోట్లో వేసుకుంటే మొదట తేనె లాంటి తీపి, దాని వెనక కొంచెం వగరు, మింగిన తరువాత ముక్కులోకి ఎక్కే ఒక మగ్గిన వాసన. ఆ వాసనను గుర్తుపెట్టుకోమని నా మిత్రులకు చెప్పాను, సాయంత్రం దాన్ని మళ్లీ కలుసుకోవలసి ఉంది కాబట్టి.

నేల ఎంత శుభ్రంగా ఉందో చూసి అడిగితే, పువ్వు సులువుగా కనిపించడానికి కొందరు చెట్టు కింది ఎండుటాకుకు నిప్పు పెడతారనీ, అది అంటుకుని అడవి కాలుతుందనీ, తమ ఇంట్లో మాత్రం చీపురుతో ఊడుస్తామనీ ఆ కోడలు చెప్పింది. వేసవిలో మన అడవులకు అంటుకునే మంటల్లో కొన్ని ఇలా మొదలయ్యేవేనని తెలిసినవాళ్లు ఆ మాట విలువ గ్రహిస్తారు. నేనైతే ఆ చీపురుకు మనసులోనే దండం పెట్టాను.

ఎనిమిది గంటలకు జీపెక్కాం. పాత మహీంద్రా బండి, నాలుగు చక్రాలకూ శక్తి అందేది. మేడారం వైపు వెళ్తుంటే ఒకచోట అడవి ఒక్కసారిగా తెరుచుకుంది. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం మధ్య 50 వేలకు పైగా చెట్లు కొద్ది గంటల్లోనే నేలకొరిగాయి. పత్రికల్లో ఆ సంఖ్య చదవడం వేరు, వేళ్లతో సహా పెకలించుకుపోయిన మానుల మధ్య నిలబడడం వేరు. మా కుర్రవాడు ఒక పడిపోయిన మాను వేరుముద్ద దగ్గర బండి ఆపి చూపించాడు: నిలువునా నా ఛాతీ ఎత్తు ఉన్న ఆ ముద్దలో కిందికి దిగిన తల్లివేరు కనపడలేదు, వేళ్లన్నీ పళ్లెంలా పక్కలకే పరుచుకుని ఉన్నాయి. అదే ఏడాది డిసెంబర్ 4న ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హనుమకొండలో మా ఇంటి గిన్నెలు కూడా కదిలాయి. ఆ రెండు సంగతులనూ కలిపి ఈ ప్రాంతపు పెద్దవాళ్లు మేడారం సమ్మక్క సారలమ్మ తల్లుల కోపంగా చెప్పుకుంటారు. కారణం ఏదైనా, ఆ ఖాళీలో మళ్లీ మొలుస్తున్న మోదుగ, తునికి పిలకలను చూసిన తరువాత, బాట దాటి చక్రం పెట్టకూడదన్న నియమం నాకు అతి జాగ్రత్తగా అనిపించలేదు.

దామరవాయి దగ్గర గుట్ట మీదికి జీపు కొంతవరకే పోతుంది, మిగతాది నడవాలి. నిలువుగా పాతిన రాతి పలకల మీద, పదిమంది కలిసినా కదపలేనంత కప్పురాళ్లు మోపి కట్టిన బృహత్ శిలాయుగపు సమాధులు అక్కడ వరుసగా ఉన్నాయి. జనం వాటిని రాకాసి గుళ్లంటారు. అక్కడ ఎంతసేపైనా ఉండవచ్చు, కానీ ఆ రాళ్ల గురించి వేరే రాయాలి.

తిరిగి వచ్చేటప్పుడు వాగు దాటడమే ఆ రోజు బండి ప్రయాణంలో అసలైన ఘట్టం. మార్చిలో నీళ్లు మోకాలి కంటే తక్కువే, భయమంతా ఇసుకతోనే. మా కుర్రవాడు గట్టు మీదే బండి ఆపి, చెప్పులు విడిచి, కర్రతో పొడుస్తూ అవతలి ఒడ్డు వరకు నడిచి వచ్చాడు. ఆ తరువాత నాలుగు టైర్లలోనూ గాలి తగ్గించాడు, ముప్పై పౌండ్ల నుంచి పద్దెనిమిదికి. గాలి తగ్గితే టైరు అడుగు వెడల్పై, బండి బరువు ఎక్కువ ఇసుక మీద పరుచుకుంటుంది, అందుకే కూరుకుపోదు. ఇంత చేసినా మధ్యలో వెనక చక్రం ఒకటి దిగబడింది. అతను యాక్సిలరేటరు తొక్కలేదు. తొక్కితే చక్రం తన గొయ్యి తానే తవ్వుకుంటుందని చెప్పి, ఇంజన్ ఆపి, మా నలుగురినీ దింపి, చక్రాల ముందు ఇసుకను చేతులతో వాలుగా తీయించి, కింద వెదురు కొమ్మలూ బండిలోని పాత పట్టాలూ పరిపించి, తక్కువ గేరులో మెల్లగా కదిలించాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో నాకు మొదటి యాత్రలోని డ్రైవరు గుర్తుకు వస్తూనే ఉన్నాడు. రెండు గ్లాసులు పుచ్చుకున్న మనిషి ఆ కర్ర పట్టుకుని ముందుగా వాగులో నడిచి ఉండేవాడా, చక్రం దిగబడినప్పుడు కాలు వెనక్కి తీసుకునేవాడా అని ఆలోచిస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

గూడెం చేరేసరికి సాయంత్రం ఐదయింది. ఆ గూడెం పేరు రాయడం లేదు. నేను రాసిన పేరు పట్టుకుని రేపు ఎవరో సీసాలతో వెళ్లి ఆ ఇంటి ముందు నిలబడడం నాకు ఇష్టం లేదు. ఉదయం మేము చూసిన ముసలమ్మ ఇల్లే అది. వాకిట్లో నాలుగు రోజుల కిందటి పువ్వు ఎండి ఎర్రబారి, ఎండుద్రాక్షలా ముడుచుకుని ఉంది. పక్కనే ఆ ఉదయం ఏరిన పువ్వు ఇంకా తెల్లగా పరిచి ఉంది. మా కుర్రవాడు జీపు తాళం తీసి నా చేతికిచ్చి, "ఇగ మీ ఇష్టం సార్," అన్నాడు.

మొదట తిండి. ఉడికించిన ఇప్పపువ్వులో వేయించిన నువ్వులు దంచి కలిపిన ముద్ద పెట్టారు. కడుపు ఖాళీగా ఉన్నవాళ్లకు సారా పోయనని అవ్వ ఖచ్చితంగా చెప్పింది. తిన్న తరువాత, సారా ఎలా దిగుతుందో చూపించమని అడిగితే, కాచడానికి కాక చూపించడానికే ఖాళీ కుండలను ఒకదాని మీద ఒకటి పేర్చింది. అడుగున పెద్ద కుండ. అందులో ఎండు పువ్వును నీళ్లలో వేసి కొన్ని రోజులు పులియబెట్టిన మిశ్రమం ఉంటుంది. దాని మీద అడుగున చిల్లులున్న రెండో కుండ, ఆ కుండ లోపల ఒక చిన్న గిన్నె. అన్నిటికంటే పైన చల్లని నీళ్లున్న పాత్ర మూతలా కూర్చుంటుంది. సందులన్నీ మట్టితోనూ తడిబట్టతోనూ మూస్తారు. కింద మంట పెడితే ఆవిరి చిల్లుల గుండా పైకి లేచి, చల్లని పాత్ర అడుగుకు తగిలి, బొట్లుగా మారి ఆ చిన్న గిన్నెలో పడుతుంది.

"గీ మీది నీళ్లు ఎచ్చగైతె పారబోసి మల్ల సల్లటియి పొయ్యాలె బిడ్డా. మొదటి నీళ్లది మంటెత్తుతది. మూడోసారి నీళ్లు మార్చినంక వచ్చేది ఉత్త నీళ్ల లెక్కనే," అని అవ్వ చెప్పింది.

నేను తరగతిలో ఏటా గాజు సామగ్రితో చూపించే స్వేదనం ఇదే. ఆల్కహాలు 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీరు 100 దగ్గర. అందుకే మొదట దిగేది ఘాటుగా, పోనుపోను పలుచగా ఉంటుంది. చక్కెర ఆవిరి కాదు, అది అడుగు కుండలోనే ఉండిపోతుంది. అవ్వ థర్మామీటరు లేకుండా, నీళ్లు ఎన్నిసార్లు మార్చిందీ లెక్కపెట్టుకుని అదే పని చేస్తోంది. మొట్టమొదట దిగే కొద్దిపాటి ధారను తాగరట, పొయ్యిలో పోస్తారట. తొందరగా ఆవిరయ్యే ఘాటు పదార్థాలు ఆ తొలి ధారలోనే ఎక్కువగా ఉంటాయి కాబట్టి, ఆ ఆచారం నాకు చాలా సబబుగా తోచింది.

ఆ తరువాత, ఇలవేల్పు కొలుపు కోసం కాచి దాచుకున్న దానిలో మిగిలినది ఒక చిన్న సీసాలో తెచ్చింది. మోదుగాకు డొప్పలు కుట్టి ఇచ్చారు. మొదట కొన్ని చుక్కలు నేల మీద పోసి, పోయిన పెద్దల పేర్లు కోయభాషలో మెల్లగా పలికింది. మేము కూడా అలాగే నేల మీద వదిలి, అప్పుడు డొప్ప ఎత్తాం.

నీళ్లలా తేటగా ఉంది. ముందు వాసన చూడమని మిత్రులకు చెప్పాను. ఉదయం అరచేతిలో నలిపిన పువ్వు వాసన, అదే మగ్గిన తేనె వాసన, కొంచెం పొగ కలిసి, డొప్పలోంచి లేచింది. మా బావ ఆశ్చర్యంగా నా వైపు చూశాడు. నాలుక మీద మాత్రం తీపి లేదు. ముక్కు తీపి అంటుంటే నాలుక కాదంటుంది. ఆ తేడాయే ఇప్పసారాలోని అందమని నేననుకుంటాను. గొంతు దిగేటప్పుడు వేడి ఉంది, కోత లేదు. చివరికి వచ్చే వగరు కూడా ఉదయం పువ్వు తిన్నప్పుడు తెలిసినదే. ఒక్కొక్కరికీ రెండు గుక్కలు, అంతే. మా మిత్రుల్లో ఒకరు ఇంకొంచెం అడగబోతే అవ్వ సీసా బిరడా పెట్టేసింది. మర్నాడు ఉదయం ఎవరికీ తలనొప్పి లేదు.

రెండేళ్ల కిందట నాకు పోసినదానికీ దీనికీ తేడా ఎక్కడుందో ఇక్కడ చెప్పాలి. గుడుంబా నల్లబెల్లంతో, పటికతో, త్వరగా పులియాలని వేసే మరెన్నో వాటితో, అమ్మకం కోసమే తయారవుతుంది. మేడారంలో తల్లులకు బంగారమని మొక్కే బెల్లం మీద కూడా నిఘా పెట్టవలసి రావడానికి కారణం అదే. ఇప్పసారా సంవత్సరానికొకసారి రాలే పువ్వుకు కట్టుబడి ఉంటుంది. ఆ పువ్వు వేల్పుకు చేరనిదే ఇంట్లో ఎవరూ ముట్టరు. తెలంగాణలో అనుమతి లేకుండా ఏ సారా కాచినా, అమ్మినా నేరమే, ఆ నియమం పెట్టడానికి కారణాలూ ఉన్నాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై మొదలుపెట్టిన పోరాటం, మరుసటి ఏడాది వచ్చిన సారా నిషేధం మా తరం మరిచిపోలేనివి. సారా వల్ల కూలిన ఇళ్లు మా వీధిలోనే ఉండేవి. అయినా రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు న్యాయంగా కనిపించడం లేదు. మధ్యప్రదేశ్ 2022లో వారసత్వ మద్యం విధానం తెచ్చి, ఆదివాసీ స్వయం సహాయక బృందాలే ఇప్పసారాను పరిశుభ్రంగా తయారుచేసి సీసాల్లో అమ్ముకునే దారి తెరిచింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పానీయాలను నియంత్రించే, నిషేధించే అధికారాన్ని 1996 నాటి పెసా చట్టం గ్రామసభల వైపు నడిపించింది కూడా. అమ్మాలా వద్దా, ఎంత, ఎవరికి అన్నది మన గూడేల గ్రామసభలు, ముఖ్యంగా అక్కడి ఆడవాళ్లు కూర్చుని తేల్చాలని నా అభిప్రాయం. అంతవరకు యాత్రల పేరుతో వెళ్లేవాళ్లం దాన్ని సరుకుగా మార్చకూడదు. పోస్తే పుచ్చుకోవాలి, లేదంటే పువ్వు తిని రావాలి.

మేము డబ్బు ఇచ్చినది జీపుకు, తిండికి, రాత్రి పడకకు, ఇంకా రెండు కిలోల ఎండు ఇప్పపువ్వుకు. ఆ పువ్వులో సగం మా అమ్మ నువ్వులు కలిపి లడ్డూలు చేసింది.

మిగిలిన దానిలో ఒక గుప్పెడు నేను కళాశాలకు తీసుకువెళ్లాను. నానబెట్టిన పువ్వు రసాన్ని వడగట్టి, పరీక్షనాళికలో, చక్కెరలను గుర్తించే ఫెహ్లింగ్ ద్రావణంతో కలిపి వేడిచేస్తే, నీలిరంగు చూస్తుండగానే విరిగి ఇటుకరంగు మడ్డిగా అడుగుకు దిగింది. ఇది ఏ పదార్థమో చెప్పండని అడిగితే పిల్లలు గ్లూకోజు అన్నారు, ఫ్రక్టోజు అన్నారు. చివరి బెంచీలో కూర్చునే, ఎప్పుడూ నోరు విప్పని ఏటూరునాగారం అమ్మాయి లేచి ముందుకు వచ్చి, పరీక్షనాళికను పట్టించుకోకుండా, పక్కన గిన్నెలో నానుతున్న పువ్వును తీసి వాసన చూసి, "సార్, ఇది ఈ ఏటి పువ్వే," అంది.